ఇరవై ఆరో కిలో

పన్నులు తగ్గించి, ప్రభుత్వాన్ని కుదిస్తే కష్టజీవుల కుటుంబాలు బాగుపడతాయన్న సిద్ధాంతాన్ని నేను నిండు మనసుతో నమ్ముతాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏడేళ్లు పనిచేసి, సూపరింటెండెంటుగా విరమించి, పాత పద్ధతిలో పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి నేను. ప్రభుత్వం ఎంత అనవసరమైనదో లోపల కూర్చుని చూసిన నాకంటే బయటివారికి ఎక్కువ ఎలా తెలుస్తుంది? అయితే ఈ సిద్ధాంతానికి ఒక ప్రత్యక్ష నిదర్శనం చూపించమని మా బావమరిది అడిగిన ప్రతిసారీ నేను మాట మార్చవలసి వచ్చేది. ఆ కొరత గత నెలలో తీరింది. మా వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్లో, బియ్యం బస్తా రూపంలో, ఆ నిదర్శనం గోడకు ఆనుకుని నిలబడి కనిపించింది.

బస్తా మీద నీలం అక్షరాలతో ‘నికర బరువు 26 కిలోలు’ అని అచ్చువేసి ఉంది. మన ఇళ్లల్లో బియ్యం బస్తా అంటే పాతిక కిలోలు. ఆ పాతికకు మరో కిలో ఎక్కడి నుంచి వచ్చి చేరిందని కొట్టు యజమానిని అడిగితే, ఆయన నన్ను జాలిగా చూసి, “పాతికైతే పన్ను పడుద్దండీ, ఇరవయ్యారైతే పడదు” అన్నాడు.

ఈ ఒక్క వాక్యం వెనుక ఎనిమిదేళ్ల ఆర్థిక చరిత్ర ఉంది. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు విడి బియ్యానికి పన్ను వేయలేదు, రిజిస్టరు చేసిన బ్రాండు పేరున్న బియ్యానికి మాత్రం 5 శాతం వేశారు. దాంతో కొందరు మిల్లర్లకు కీర్తి మీద విరక్తి కలిగి, అంతకాలం పెంచి పోషించుకున్న పేర్లను వదులుకున్నారు. పేరు మీద పన్ను నిలవడం లేదని గ్రహించిన జీఎస్‌టీ మండలి 2022 జులై 18 నుంచి సంచి మీదికి మళ్లింది. ముందుగా మూట కట్టి లేబులు అంటించిన బియ్యానికి, పప్పుకు, పిండికి, పెరుగుకు 5 శాతమని నిర్ణయించింది. అయితే 25 కిలోలు దాటిన మూటను చిల్లర మూటగా లెక్కించరు గనుక దానికి పన్ను లేదు. మిల్లర్లు ఆ నిబంధనను భక్తిశ్రద్ధలతో పారాయణం చేసి, బస్తాలో మరో కిలో పోసి మూతి కుట్టారు.

లెక్క చూడండి. కిలో 58 రూపాయల బియ్యమనుకుంటే, 25 కిలోల బస్తా 1,450 రూపాయలు, దానిపై పన్ను 72 రూపాయల 50 పైసలు, మొత్తం 1,522 రూపాయల 50 పైసలు. అదే 26 కిలోల బస్తా 1,508 రూపాయలు. అంటే ఒక కిలో బియ్యం ఎక్కువగా వచ్చి, పైగా పద్నాలుగున్నర రూపాయలు చేతిలో మిగులుతాయి. ఈ దేశంలో పేదవాడి పన్ను తగ్గించడానికి జరిగిన ప్రయత్నాల్లో ఇంత సూటిగా గురి తగిలింది మరొకటి లేదని నేను కుండబద్దలు కొట్టి చెప్పగలను. దీనికి బడ్జెట్ ప్రసంగం అక్కర్లేకపోయింది, కమిటీ నివేదిక అక్కర్లేకపోయింది, బల్లలు చరిచే సభ్యులు అక్కర్లేకపోయారు. ఒక గోనెసంచీ, ఒక కుట్టుమిషనూ సరిపోయాయి. అమెరికాలో ఆర్థర్ లాఫర్ అనే ఆర్థికవేత్త 1974లో భోజనాల బల్ల దగ్గర చేతిరుమాలు మీద ఒక వంపుగీత గీసి పన్ను తగ్గింపు సిద్ధాంతాన్ని బోధించాడని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. మనవాళ్లు గీత గీయకుండానే, ఆ రుమాలు స్థానంలో ఉండవలసిన విస్తట్లోకి మరో కిలో వడ్డించారు.

నేను ఈ ఆలోచనలో ఉండగానే ఆ బస్తా కొన్న మనిషి వచ్చింది. ఆమె మా వీధి ఊడ్చే మున్సిపల్ కార్మికురాలు. రేషను బియ్యం అట్లకీ ఇడ్లీలకీ సరిపోతాయనీ, అన్నానికి పిల్లలు సన్నబియ్యమే అడుగుతున్నారనీ, అందుకే ఒకటో తారీఖు దాటాక ఒక బస్తా కొంటుందనీ కొట్టు యజమాని చెప్పాడు. కొడుకు సైకిలు తెస్తానన్నాడట. వాడి కోసం ఆమె బస్తా పక్కనే మెట్టు మీద కూర్చుంది. సిద్ధాంతం ఎవరి కోసం పుట్టిందో ఆ మనిషే ఖాళీగా దొరకడం ఆర్థికశాస్త్రంలో అరుదైన సందర్భం కాబట్టి, నేను కుర్చీ లాక్కుని ఆమెకు గత నలభై ఏళ్లుగా దక్కుతూ వచ్చిన ఉపశమనాలను ఒక వరసలో వివరించడానికి పూనుకున్నాను.

మొదటి ఉపశమనం 1985లో వచ్చింది. చనిపోయినవారి ఆస్తి మీద వేసే ఎస్టేటు డ్యూటీని ఆ ఏడు ఎత్తివేశారు. ఆమె ఆ ఏటికి పుట్టిందో లేదో, కానీ ఇక మీదట వాళ్ల తాతగారి భవంతులు పన్ను లేకుండా ఆమెకు సంక్రమించడానికి చట్టపరమైన అడ్డంకి తొలగిపోయింది. రెండోది 2015 బడ్జెట్‌లో వచ్చింది. 1957 నుంచి ఉన్న సంపద పన్నును, వసూలు ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ అన్న కారణం చూపి, అరుణ్ జైట్లీ రద్దు చేశారు. అంతకు ముందు దాని మీద ఏటా వస్తున్నది వెయ్యి కోట్లకు అటూ ఇటూ మాత్రమే. ఇన్ని వేల మంది కోటీశ్వరులున్న దేశంలో సంపద పన్ను వెయ్యి కోట్లే వస్తోందంటే కోటీశ్వరుల దగ్గర సంపద లేదని తేలుతోంది గనుక, ఆ పన్ను తీసివేయడమే న్యాయం. నేను ఇంత స్పష్టంగా చెప్పినా, “మా తాతకి ఒక పాక ఉండేదండీ, అది కూడా కాలవ గట్టు మీద” అంటూ ఆమె అసలు విషయానికి సంబంధం లేని ప్రస్తావన తెచ్చింది.

మూడోది అసలైనది. 2019 సెప్టెంబరు 20న గోవాలో నిర్మలా సీతారామన్ కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి, కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. ఇందువల్ల ఖజానా వదులుకునేది ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్ల రూపాయలని కూడా దాపరికం లేకుండా చెప్పారు. ఆ ఒక్క రోజే సెన్సెక్స్ 1,900 పాయింట్లకు పైగా పైకి లేచింది. కంపెనీల చేతిలో మిగిలిన డబ్బు పెట్టుబడిగా మారుతుంది, పెట్టుబడి ఫ్యాక్టరీగా మారుతుంది, ఫ్యాక్టరీ ఉద్యోగంగా మారుతుంది, ఉద్యోగం ఆమె కొడుక్కి వస్తుంది. పాలు తోడుపెడితే పెరుగు, పెరుగు చిలికితే వెన్న, వెన్న కాస్తే నెయ్యి అయినంత సహజంగా ఇదంతా జరగాలి. ఫలితం 2025 జనవరి 31న పార్లమెంటు ముందుకు వచ్చిన ఆర్థిక సర్వేలో కనిపించింది. 2023-24లో కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగాయనీ, ఉద్యోగాలు 1.5 శాతం పెరిగాయనీ ప్రభుత్వ సర్వేయే చెప్పింది. రెంటినీ కూడితే 23.8 శాతం అభివృద్ధి. అందులో ఎవరి వంతు ఎంత అని విడదీసి చూడడం అసూయాపరులు చేసే పని. నెయ్యి కాగుతూనే ఉంది, కాకపోతే ఇంకా గిన్నె దించలేదు.

ఈ లోగా ఒక చిన్న విచిత్రం జరిగింది. దేశంలో కంపెనీలు కట్టే పన్ను కంటే మనుషులు కట్టే ఆదాయపు పన్ను ఎక్కువైపోయింది. కంపెనీలకు మనుషులతో సమానమైన హక్కులు కావాలని న్యాయవాదులు చాలాకాలంగా వాదిస్తున్నారు. ఇప్పుడు మనుషులే కంపెనీలతో సమానమైన రాయితీ కోరుకునే దశకు వచ్చారు. ఆ మొర కూడా ప్రభుత్వం ఆలకించింది. సర్వే వచ్చిన మరునాడే, 2025 ఫిబ్రవరి 1న, ఏడాదికి 12 లక్షల దాకా ఆదాయమున్నవారు, జీతగాళ్లయితే 12 లక్షల 75 వేల దాకా ఉన్నవారు, కొత్త పద్ధతిలో పైసా పన్ను కట్టనక్కర్లేదని బడ్జెట్‌లో ప్రకటించారు. ఇది మధ్యతరగతికి ఇచ్చిన కానుక అని అందరూ అన్నారు గానీ, కష్టజీవులకు కూడా వర్తిస్తుందన్నది నా దృఢ విశ్వాసం. చట్టంలో ఎక్కడా వీధులు ఊడ్చేవారికి వర్తించదని రాయలేదు.

“పన్నెండు లక్షలంటే నెలకెంత సార్?” అని అడిగింది ఆమె.

“లక్ష.”

ఆమె చాలాసేపు బస్తా వైపు చూసింది. ఆమెకు అన్నీ కలుపుకుని నెలకు 21 వేలు వస్తాయి. ఏడాదికి 2 లక్షల 52 వేలు. నేను కొట్టు యజమాని దగ్గర కాలిక్యులేటరు తీసుకుని లెక్కవేస్తే, ఈమె లాంటి వాళ్లు ఐదుగురు ఒకే మనిషిగా పుడితే తప్ప ఆ రాయితీని పూర్తిగా వాడుకోలేరని తేలింది. లోపం రాయితీలో లేదు, జనాభా లెక్కలో ఉంది. 2022-23లో దేశంలో 7 కోట్ల 40 లక్షల మంది రిటర్నులు వేస్తే, అందులో 5 కోట్లకు పైగా సున్నా పన్ను చూపించినవే; రిటర్ను అంటే ఏమిటో తెలియనివారు మిగతా వంద కోట్ల పైచిలుకు. పన్ను తగ్గింపు అందుకోవాలంటే ముందుగా పన్ను కట్టగల స్థితికి ఎదగాలి. ఆ ఎదుగుదల కూడా ప్రభుత్వమే చూసుకోవాలనడం ప్రభుత్వాన్ని పెంచమనడమే అవుతుంది, అది మన సిద్ధాంతానికి విరుద్ధం.

ఆమె దానికి అభ్యంతరం చెప్పలేదు. “మరి డీజిలు మీద ఏమైనా తగ్గించారా సార్?” అని అడిగింది. ఆమె భర్త ఆటో నడుపుతాడు.

ఇక్కడ కొంత ఓపికగా వివరించవలసి వచ్చింది. ఆదాయపు పన్ను అన్నది కనిపించే పన్ను, దాన్ని తగ్గిస్తే కనిపిస్తుంది. డీజిలు మీది పన్ను బంకులో మీటరు తిరుగుతున్నప్పుడు ధరలో కలిసిపోయి ఉంటుంది. కనిపించనిదాన్ని తగ్గించడం వల్ల ఎవరికి సంతోషం? 2020 మే నెలలో ప్రపంచంలో ముడి చమురు అడిగేవాడు లేక ధర పడిపోయినప్పుడు, కేంద్రం ఒక్క రాత్రిలో పెట్రోలు మీద లీటరుకు 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు సుంకం పెంచింది. ఆటోలు షెడ్లలో ఉన్నాయి కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు. తరువాత 2021 నవంబరులోనూ, 2022 మేలోనూ కొంత తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ లీటరుకు 2 రూపాయలు పెంచినప్పుడు బంకులో ధర మారనే లేదు. అంతర్జాతీయంగా ధర పడిపోయి, ఇక్కడ తగ్గవలసిన రెండు రూపాయలు తగ్గకుండా ఆగిపోయాయి, అంతే. వడ్డించని కూర గురించి బంతిలో కూర్చున్నవాడు ఫిర్యాదు చేయడు గదా. దీనిపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 22.25 శాతం వ్యాట్, ఆపై లీటరుకు 4 రూపాయలు, ఆపై రోడ్ల అభివృద్ధి సెస్సు పేరుతో మరో రూపాయి కలుపుకుంటుంది. అభివృద్ధి చెందిన ఆ రోడ్డు మీద ఆటో నడిపితే స్ప్రింగులకు అయ్యే ఖర్చు పన్ను కిందికి రాదు.

నిజం చెప్పాలంటే, పన్నులు తగ్గించడానికి ఉన్న మేలైన మార్గం వాటిని పన్నులని పిలవడం మానుకోవడమే. ఉన్నదాన్ని ‘సెస్సు’ అంటే అది పన్ను కాదు, పైగా రాష్ట్రాలకు వాటా పంచే బాధ కేంద్రానికి ఉండదు. ‘వినియోగ రుసుము’ అంటే అది కూడా పన్ను కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటింటి చెత్తకు ఈ పేరుతోనే నెలనెలా వసూలు చేశారు. జనం మొండిగా దాన్ని ‘చెత్త పన్ను’ అనే పిలిచారు, ఆ పేరే దాని ప్రాణం తీసి, 2024 ముగిసేసరికి దాన్ని ఎత్తివేయించింది. పేరు పెట్టడంలో జాగ్రత్త లేకపోతే ఇలాంటి నష్టాలే వస్తాయి. (ఆ ఉపశమనం మాత్రం ఆమెకు నిజంగా దక్కింది. ఆమె ఉన్న రెండు గదుల ఇంటికీ రుసుము పడేది. తాను ఎత్తే చెత్తకు తానే డబ్బు కట్టేది.)

అన్నిటికంటే గొప్ప పద్ధతి, ప్రభుత్వమే ఆ చోటు నుంచి తప్పుకోవడం. సర్కారు బడి నుంచి ప్రభుత్వం ఒక అడుగు వెనక్కి వేస్తే, ఆ చోట ఒక ప్రైవేటు బడి మొలుస్తుంది. అందులో కట్టేది ఫీజు, పన్ను కాదు. ఆసుపత్రి నుంచి వెనక్కి వేస్తే, ఎదురు సందులో ఒక నర్సింగ్ హోమ్ వస్తుంది. అక్కడ కట్టేది బిల్లు, పన్ను కాదు. ఆమె కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం ఒక ప్రైవేటు కాలేజీలో చదువుతున్నాడు. రసీదు చూపించమంటే బ్లౌజులో మడిచి పెట్టుకున్న కాగితం తీసి ఇచ్చింది. ట్యూషన్ ఫీజు ఒక వరస, పుస్తకాలు ఒక వరస, ‘ఇతరములు’ ఒక వరస, ఆ కింది వరసలో ఈఏపీసెట్ కోచింగు, దాని పక్కన 18 శాతం జీఎస్‌టీ. కాలేజీ చదువుకు జీఎస్‌టీ లేదు, కోచింగుకు ఉంది. ఈ ఒక్క వరస లేకపోయి ఉంటే ఆమె కుటుంబం పన్ను బాధ లేని ఆదర్శ కుటుంబమయ్యేది: ఆదాయపు పన్ను సున్నా, సంపద పన్ను సున్నా, ఎస్టేటు డ్యూటీ సున్నా, బియ్యం మీద సున్నా. చేతిలో మిగిలేది కూడా ఆ వరసలోనే ఉండేది.

పన్నుల సంగతి ముగించి, ప్రభుత్వాన్ని కుదించడం గురించి చెప్పబోయాను. ఇందులో నాకు స్వానుభవం ఉంది. 1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి కాగానే ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించారు. మా కార్యాలయంలో నా పైనున్నవారు ఒకేసారి ఇళ్లకు వెళ్లిపోగా, ఊహించనంత తొందరగా నాకు పదోన్నతి వచ్చింది. ప్రభుత్వం చిన్నదైతే సామాన్యుడికి మేలు జరుగుతుందని నాకు ఆ రోజే అర్థమైంది. మరుసటి ఏడాది జనవరిలో కరణాలు, మునసబుల పదవులను రద్దు చేశారు. ఆ తరువాత విరమణ వయసు మళ్లీ 58 అయింది. 2014లో, సరిగ్గా నేను ఇంటికి వెళ్లవలసిన తరుణంలో, విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని 60 చేశారు. దీర్ఘకాలిక సంస్కరణలను మనిషి తన సౌకర్యాన్ని బట్టి బేరీజు వేయకూడదు గనుక, ఈ పెంపును నేను వ్యతిరేకించలేదు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పింఛను రద్దు చేసినప్పుడు మాత్రం మనస్ఫూర్తిగా హర్షించాను. నేను 1979లో చేరాను.

తెలంగాణ ఈ విషయంలో ఇంకా చురుకుగా నడిచింది. అక్కడ 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను ఒక్క చట్టంతో తుడిచిపెట్టి, 2025లో గ్రామ పాలన అధికారులన్న కొత్త పేరుతో ఊరికి మళ్లీ మనిషిని తెచ్చుకున్నారు. కుదించడం, ఆ తరువాత పెంచడం, ఈ రెండూ ఉత్తర్వులు టైపు చేసేవారికి ఉపాధి. అక్కడి వేతన సవరణ సంఘం ఒక లెక్క చెప్పింది: మంజూరైన 4 లక్షల 91 వేల పోస్టుల్లో 1 లక్షా 91 వేలు ఖాళీ. కేంద్రం 2022లో పార్లమెంటుకు చెప్పిన ప్రకారం, అంతకు ముందు ఏడాది మార్చి నాటికి దాని కొలువుల్లో ఖాళీలు 9 లక్షల 79 వేలు. ప్రభుత్వాన్ని ఇలా చప్పుడు లేకుండా కుదించడమే ఉత్తమం. ఎవరినీ తీసివేయనక్కర్లేదు, ఎవరి ఉసురూ తగలదు. ఉన్నవాడు విరమిస్తాడు, కుర్చీ మిగులుతుంది, మూడేళ్లకు కుర్చీ కూడా విరుగుతుంది.

“మా అమ్మ పర్మనెంటండీ” అంది ఆమె ఉన్నట్టుండి.

ఆమె తల్లి ఈ వీధే ఊడ్చేదట. మున్సిపాలిటీ రిజిస్టరులో పేరు, ఏటా ఇంక్రిమెంటు, పండక్కి అడ్వాన్సు, చివర్లో పింఛను. తల్లి తరువాత ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది గానీ, వీధి ఖాళీగా ఉండలేదు. ఆ చీపురే, ఆ మలుపు నుంచి ఈ గుడి దాకా, కూతురు ఔట్‌సోర్సింగులో ఊడుస్తోంది. జీతం ఒక సంస్థ ఇస్తుంది, పని ఒక సంస్థ చెబుతుంది, తిట్టేది మాత్రం మేస్త్రీ. కాగితాల మీద ఆమె ప్రభుత్వోద్యోగి కాదు, కాబట్టి ఆమె పేరున ప్రభుత్వం చిన్నదైంది. ఇంత లోతుగా నేను ఎన్నడూ ఆలోచించి ఉండలేదు: ప్రభుత్వాన్ని కుదించగా లాభం పొందవలసిన కష్టజీవీ, కుదించబడిన ప్రభుత్వమూ ఆ మెట్టు మీద ఒకే చీర కట్టుకుని కూర్చుని ఉన్నాయి. ఒకే మనిషిని కత్తిరించి, ఆ మనిషికే కుట్టి ఇవ్వడం మామూలు దర్జీ వల్ల అయ్యే పని కాదు.

ఆమెకు ధైర్యం చెప్పడానికి చట్టాల సంగతి ఎత్తాను. 2025 నవంబరు 21 నుంచి దేశంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాతకాలంలో లేబర్ ఇన్‌స్పెక్టర్ అనే ఒక భయంకరమైన అధికారి ఉండేవాడు, యజమానులు రాత్రిళ్లు అతణ్ణి తలచుకుని ఉలిక్కిపడేవారు. ఇప్పుడు ఆయనను ‘ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్’ అంటారు; వేతనాల కోడ్ ప్రకారం, తప్పు కనిపిస్తే కేసు పెట్టే ముందు సరిదిద్దుకునే అవకాశం ఇచ్చి తీరాలి. తాళం పగిలినప్పుడు పోలీసు వచ్చి, దొంగకు సౌకర్యకర్తగా నిలబడి, వస్తువులు ఎక్కడివక్కడ పెట్టడానికి గడువిచ్చే రోజు కూడా రావాలని నేను కోరుకుంటున్నాను. పని గంటల విషయంలోనూ రాష్ట్రాలు వెనకబడలేదు. రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది; మరుసటి నెలలో తెలంగాణ, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థలకు పది గంటల వెసులుబాటు ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు ఉంది కాబట్టి కంగారు పడనవసరం లేదు. ఐదో రోజు ఆఖరికి 48 దాటిందా లేదా అని చూసే బాధ్యత ఆ ఫెసిలిటేటర్‌దే, ఆయన పోస్టు భర్తీ అయి ఉంటే.

ఇదంతా విన్నాక ఎవరికైనా కృతజ్ఞత పొంగుకు రావాలి. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, “ఎండెక్కుతోంది సార్, వీడు రాలేదింకా” అని వీధి చివరకు చూసింది. సైకిళ్ల మీద జీఎస్‌టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారనీ, సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె కూడా 18 నుంచి 5కు దిగాయనీ, పిల్లల నోటు పుస్తకాలకు అసలు పన్నే లేకుండా చేశారనీ నేను గుర్తుచేశాను. సబ్బు మీద రెండు మూడు రూపాయలు తగ్గినట్టు తనూ గమనించానని ఆమె ఒప్పుకుంది. సైకిలు మాత్రం తొమ్మిదేళ్ల కిందట కొన్నదట. పాత పన్నుతో కొన్న సైకిలు కాబట్టే చైను జారుతోందని నా అనుమానం.

కొట్టు యజమాని ఫోను మోగింది. కొడుకే. కోచింగులో పరీక్ష పెట్టారనీ, సాయంత్రం దాకా రానివ్వరనీ చెప్పాడు. ఆమె లేచి, చీర చెంగును చుట్టకుదురుగా చుట్టి తల మీద పెట్టుకుంది. బస్తాను కొంచెం కదిపి చూసి, “ఇదివరకటి కంటే బరువుగా ఉంటోంది” అంది తనలో తనే.

“పన్ను లేదమ్మా అందులో” అన్నాను.

“ఒక చెయ్యి వేస్తారా సార్, తల మీదికి ఎత్తుకుంటాను.”

అడిగింది చిన్న సాయమే. కానీ సూత్రం ఒకటి ఉంది. ఒకసారి చెయ్యి వేస్తే వచ్చే నెల కూడా వేయవలసి వస్తుంది, అలవాటైతే అది హక్కవుతుంది, హక్కయితే దానికి ఒక శాఖ, ఆ శాఖకు ఒక సూపరింటెండెంటు. పైగా నా నడుము 2016 నుంచి సరిగా లేదు. ఆ వైద్యం ఖర్చు విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద వస్తోంది గనుక దాన్ని అనవసరంగా పెంచడం ఖజానాకు భారం. ఈ కారణాలన్నీ ఏ క్రమంలో చెబితే ఆమెకు బాగా అర్థమవుతాయా అని నేను ఆలోచించుకునేలోగా, కొట్టులో పొట్లాలు కట్టే కుర్రాడు బయటికి వచ్చి ఒక పక్క పట్టాడు. ఆమె మోకాలి మీదికి, అక్కడి నుంచి భుజం మీదికి, అక్కడి నుంచి తల మీదికి బస్తా ఎక్కింది. మెడ ఒకసారి సర్దుకుని, తాను పొద్దున్న ఊడ్చిన వీధిలోనే, మధ్యగా, నెమ్మదిగా నడిచి వెళ్లిపోయింది.